ఎర్త్ వైపు తీగ

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

కృపావతిని కలవరపెట్టినది అదే. మూడు రోజుల క్రితం ఒక మనిషి ప్రాణం తీసిన కారు అది. వెనక భాగం నలిగిపోయి, డిక్కీ మూత సీటులోకి చొచ్చుకుని ఉంది. ముందు భాగం మాత్రం చెక్కుచెదరలేదు. గ్రామ సచివాలయం ఆవరణలో, కానిస్టేబుల్ కాపలాలో, చదునైన నేలమీద ఆ ఇంజను ఏ పాపమూ ఎరగనట్టు నిలకడగా తిరుగుతోంది.

"విన్నారుగా మేడం," అన్నాడు గణపతిరావు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఈ కేసులో పోలీసులు నిపుణుడిగా పిలిపించుకున్నది ఆయననే. "లేని లోపాన్ని నేను పుట్టించలేను. మీరు పుట్టించగలిగితే పుట్టించండి, చూసి తరిస్తాను."

ఆయన ఇచ్చిన నివేదికలో అసలు వాక్యం ఒక్కటే: యాంత్రిక, విద్యుత్ లోపములు ఏవియు కనబడలేదు. తప్పుపట్టడానికి వీల్లేని వాక్యం. అయితే అది డుంబ్రిగుడ దాటి ఈ కరకపుట్టు ఊరికి చేరేసరికి దానికి వేరే అర్థం వచ్చింది. లోపం బండిలో లేదంటే మనిషిలో ఉన్నట్టే. ఆ మనిషి ఎవరో ఊరికి ముందే తెలుసు.

గురువారం సాయంత్రం నాలుగూ పదికి, కాఫీ రైతుల సంఘం పెద్ద ఫల్గుణ తన పాత పెట్రోలు కారులో పల్పింగ్ యూనిట్ దగ్గర బయలుదేరాడు. పండిన కాఫీ కాయల తొక్కు తీసి గింజ కడిగే చోటు అది. సచివాలయానికి పక్కనే ఉంది. నాలుగూ ఇరవైకి అసిరమ్మ ఇంటి ముందున్న మిట్ట మీద ఇంజను ఆగిపోయింది. కారు వెనక్కి జారి, నలభై గజాల దిగువన గెడ్డ అనే కొండవాగులో పడింది. పొలం నుంచి వస్తున్న ముగ్గురు అది కళ్లారా చూశారు. వాళ్లు చూసినది ఇంకొకటి ఉంది. అసిరమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది. చెయ్యి లేచిన క్షణానే కారు ఆగింది. అది చిల్లంగి కాక మరేమిటని వాళ్ల ప్రశ్న. మంత్రంతో మనిషిని చంపడాన్ని ఈ కొండల్లో ఆ మాటతోనే పిలుస్తారు.

ఇవాళ నాలుగు గంటలకు ఊరు కూడుతుంది. తప్పు రుజువైతే ఊరు వదిలి వెళ్లమనడం అన్నిటికన్నా చిన్న శిక్ష. అసిరమ్మ మనవరాలు రత్న అదే ఊళ్లో నర్సు. ఆ అమ్మాయి విశాఖపట్నానికి ఫోను చేసి ఏడవకుండా, తడబడకుండా అయిదు నిమిషాలు మాట్లాడింది. ఆ తడబడకపోవడమే కృపావతిని ఇక్కడికి రప్పించింది. సొంతంగా డిటెక్టివ్ వృత్తి చేపట్టకముందు ఆమె పదకొండేళ్లు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ప్రమాదానికి గురైన వాహనాలు విప్పి చూసింది. చెయ్యెత్తితే ఆగిపోయే ఇంజను ఆమెకు ఎన్నడూ తారసపడలేదు.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

*

అసిరమ్మను సచివాలయం వెనక గదిలో కూర్చోబెట్టారు. డెబ్బై దాటిన మనిషి. ముక్కుకు మూడు పోగులు. కుడిచేతిని నడుముకు అదిమిపెట్టి కూర్చుంది. దెబ్బ తగిలిందేమోనని కృపావతి వంగి చూసింది. చీర చెంగు చింపి, ఆ చేతిని మణికట్టు దగ్గర మొలకు కట్టేసి ఉంది.

ఎవరు కట్టారని కృపావతి కానిస్టేబుల్ వైపు తీక్షణంగా చూసింది.

"ఆ బాబు కాదు తల్లీ, నానే కట్టీసుకున్నాను," అంది అసిరమ్మ. "ఇంకెవురి మీదకి లేస్తాదో."

రత్న గోడవైపు తిరిగింది. కృపావతి ఓదార్చలేదు. ఎదురుగా నేలమీద కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెప్పించింది. అరకు సంతకు చోళ్లు, అంటే రాగులు, పంపుదామని ముసలామె మూట కట్టి గుమ్మంలో కాచుకుంది. ఫల్గుణ కారు మిట్ట ఎక్కుతుంటే చెయ్యెత్తింది.

"ఆగమన్నాను. ఆగిపోనాది." మళ్లీ అంది: "ఇన్నేల్లలో నాను సెయ్యెత్తితే ఏ బస్సూ ఆగనేదు, ఏ జీపూ ఆగనేదు. ఆ దినం ఆగిపోనాది."

చప్పుడు ఆగినది చెయ్యి లేవకముందా, లేచాకనా అని కృపావతి అడిగింది. ముసలామె కళ్లు మూసుకుని ఆలోచించి, చెయ్యి పైకొచ్చేసరికే చప్పుడు లేదని చెప్పింది. తరవాత ఫల్గుణ ఏమైనా అరిచాడా?

"అరవనేదు. ఆరను కొట్టినాడు. ఎనక్కి జారతా రొండుసార్లు కొట్టినాడు, ఎనకాల ఎవులైనా ఉంతే తప్పుకుంతారని. మంచోడు తల్లీ."

కృపావతి పుస్తకంలో ఒకే ముక్క రాసుకుంది: హారన్ మోగింది.

"నాలుగ్గంటలకి ఒప్పీసుకుంతాను," అంది అసిరమ్మ, మనవరాలి వైపు చూస్తూ. "నాను ఒప్పీసుకుంతే ఈ గుంటనైనా ఒగ్గీస్తారు."

"నాలుగు దాకా ఆ మాట బయటికి రానియ్యకు, అవ్వా," అంటూ కృపావతి లేచింది.

*

మిట్ట మీదికి కృపావతి, రత్న ఇద్దరూ నడిచే వెళ్లారు. కృపావతి ఇరవై అడుగులకొకసారి ఫోను రోడ్డు మీద పెట్టి, అందులోని మట్టం చూపే కొలత రాసుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది డిగ్రీలు. అసిరమ్మ గుమ్మం ముందుకు వచ్చేసరికి పద్నాలుగు. గుమ్మం దాటాక మళ్లీ తొమ్మిది. టైర్ల గుర్తులు నిక్కచ్చిగా పద్నాలుగు దగ్గరే మొదలై, కిందికి సాగాయి. ఇంజను ఆగితే బ్రేకుకు దాని ఆసరా ఒకటి రెండు తొక్కుళ్ల దాకానే ఉంటుంది. ఆ తరవాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. నిండు బరువున్న కారును ఆ ఏటవాలులో కాలిబలంతో నిలపడం మామూలు మనిషికి సాధ్యం కాదు.

చుట్టూ కొండలు మూసుకుని ఉండడంతో ఆ చోట శబ్దం చెదరడం లేదు. కింద యూనిట్‌లో ఎవరో బేబీ అని పిలిచిన పిలుపు గుమ్మం దాకా స్పష్టంగా వినిపించింది.

తిరుగుదారిలో రత్న అసలు సంగతి చెప్పింది. గెడ్డ నీళ్లు తాగే ఇళ్లలో రెండు నెలలుగా పిల్లలకు వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు. అది కూడా అమ్మమ్మ పనేనని ఊళ్లో అనుకుంటున్నారు. యూనిట్ కడిగిన నీళ్లు గెడ్డలో కలుస్తున్నాయని తన అనుమానం. ఫల్గుణన్నను అడిగితే, తానే రెండు సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షకు తీసుకెళ్తానన్నాడు. గురువారం ఆయన కారులో పగిలి దొరికినవి ఆ సీసాలే.

"నీళ్లు పడుతుంటే చూసినవాళ్లెవరు?"

"దాచిపెట్టి పట్టలేదక్కా. యూనిట్ గట్టు మీద నిలబడే పట్టాడు."

*

సర్వేశ్వరరావు ఆ యూనిట్‌కు మేనేజరు. యాభై ఏళ్ల మైదానపు మనిషి, మెడకు మఫ్లరు, మాటకు ముందు నవ్వు. పొద్దున కృపావతి రాగానే ఆమె కారును యూనిట్ షెడ్డు నీడలో పెట్టించి, డ్రైవరు ధర్మకు కూలీల వంటశాలలో పలహారం పెట్టించినది ఆయనే. ఇప్పుడూ అంతే మర్యాదగా కుర్చీ వేయించాడు. కుర్చీ కాళ్లు తడి బురదలో దిగబడ్డాయి. వెనకనున్న సిమెంటు ట్యాంకుల నుంచి నీళ్లు పొర్లి కాళ్ల కిందికి వస్తున్నాయి.

ప్రమాదం తరవాత మొదట చేరినది తానేనని ఆయన ఒప్పుకున్నాడు. బైకు మీద ఆరు నిమిషాల్లో వెళ్లాడట. పెట్రోలు వాసన కొట్టింది; నిప్పంటుకుంటుందన్న భయంతో బ్యాటరీ తీగ ఊడదీశాడు. చిల్లంగి భయంతో దూరంగా ఆగిన జనం ఆ వెంటనే వచ్చారు.

"రెండు తీగల్లో ఏది ఊడదీశారు?"

"నల్లదండి. మైనస్."

"భయంలో చాలామంది చెయ్యి ఎర్రదాని మీదికి పోతుంది. నల్లది ముందు తియ్యాలని పని తెలిసినవాళ్లకే తెలుసు."

"అదృష్టం అనుకోండి," అని నవ్వాడు సర్వేశ్వరరావు. "కాఫీ కాయ గురించి అడగండి, చెబుతాను. ఇంజన్ల సంగతి నాకేం తెలుసండీ."

"అప్పటికి ఫల్గుణ బతికున్నాడా?"

నవ్వు ఆగింది. చూడలేదని, ముందు నిప్పు సంగతే తోచిందని ఆయన చెప్పాడు. తీగ ఊడదీస్తే నిప్పు రాదన్న మాట నిజమే. ఆ పనితో కారులోని కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటరు దాచుకున్న లోపాల జాబితా మొత్తం చెరిగిపోతుందన్న మాటా అంతే నిజం. రెండోదాన్ని కృపావతి పైకి అనలేదు. ట్యాంకు దగ్గరి నుంచి బేబి అనే కూలీమనిషి కేక వేసింది, మోటారు ఆపమని, నీళ్లు మళ్లీ పొర్లిపోతున్నాయని. రోజంతా దీనికి కాపలా కాయడం తన వల్ల కాదని కూడా అంది. సర్వేశ్వరరావు విననట్టే ఊరుకున్నాడు.

*

రెండున్నరకు సచివాలయం ఆవరణలో జనం మూగారు. గణపతిరావు కారు ముందుమూత ఎత్తి, తన పాత టెస్టు దీపం తీశాడు. సూదిమొన, చిన్న బల్బు, కొసన క్లిప్పు. క్లిప్పును కారు ఇనుముకు తగిలించి, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు తీగలో సూది గుచ్చాడు. బల్బు వెలిగింది. నాలుగు ఇంజెక్టర్ల దగ్గరా అలాగే వెలిగింది.

"పన్నెండు వోల్టులు, నాలుగింటికీ. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచండి," అంది కృపావతి. ఆయన అలాగే చేశాడు. బల్బు వెలుగుతూనే ఉంది. "ఇంజను తిరగకపోయినా మీ దీపం వెలుగుతోంది గణపతిరావు గారూ. అలాంటప్పుడు అది ఇంజెక్టరు పనిచేస్తోందని ఎలా చెబుతుంది?"

ఆయన ముఖం ఎర్రబడింది. తాను ఇంజన్లు విప్పే కాలానికి ఆవిడ పుట్టి ఉండదన్నాడు. కృపావతి కాదనలేదు. జనానికి కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పుకుపోయింది. ఇంజెక్టరులో ఒక తీగచుట్ట, ఒక సూది ఉంటాయి. తాళం తిప్పగానే చుట్టకు ఒక వైపు కరెంటు చేరుతుంది. కానీ చుక్క పెట్రోలు పడదు. రెండో వైపు ఎర్త్ దొరికితేనే చుట్ట అయస్కాంతమై సూదిని లేపుతుంది. ఆ ఎర్త్‌ను ఇచ్చేది, తీసేది కంట్రోల్ యూనిట్. గాలి ఎంత వస్తోంది, ఇంజను ఎంత వేడెక్కింది, క్రాంకు ఏ కోణంలో ఉంది అని లెక్కగట్టి, సెకనులో వెయ్యింట రెండు మూడు వంతుల సేపు ఎర్త్ ఇస్తుంది, వెంటనే తీసేస్తుంది. ఇంజెక్టరును నడిపేది కరెంటు వచ్చే వైపు కాదు, నేలకు పోయే వైపు.

"ఇన్ని ఇంజన్లు చూసిన మీరు ఆ వైపు చూడలేదు," అంది. "ఎందుకంటే అందరూ ముందు కరెంటు ఉందా అనే చూస్తారు. ఈ పని చేసినవాడికి ఆ అలవాటు బాగా తెలుసు."

ఆమె తన సంచిలోంచి చిన్న ఎల్‌ఈడీ దీపం తీసి, ఒక ఇంజెక్టరు రెండు తీగల మధ్య కలిపింది. ఇంజను మొదలుపెట్టగానే అది మిణుగురులా టకటకా మినుకుమంది. రెండు దీపాలూ అందరికీ కనిపించేలా పెట్టించి, ముందు చక్రాలు లేపమంది.

గురువారం ఆ దృశ్యం చూసిన ముగ్గురిలో సోంబరు అనే రైతు ఒకడు. ఊరిని కూడగట్టడంలో అతనిదే పెద్ద గొంతు. అతన్నే ముందుకు పిలిచింది. ఎనిమిది మంది సిల్వర్ ఓక్ దుంగలు మీటలుగా వేసి లేపుతూ, చక్రాల కింద రాళ్లు పేర్చుతూ వచ్చారు. జానెడు. మూరెడు. ఇంజను తిరుగుతూనే ఉంది. గణపతిరావు చేతులు కట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. చక్రాలు మోకాలెత్తుకు లేచాయి.

మినుకుమంటున్న దీపం ఆరిపోయింది. దాని వెంటే ఇంజనూ ఆగింది. గణపతిరావు దీపం మాత్రం నిశ్చలంగా వెలుగుతూ ఉంది.

కృపావతి కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కింది. మోగింది. సోంబరు దుంగ వదిలేసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మరిక్కడ ముసల్ది నేదు కదా," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

అతని వేళ్లే ఆ తరవాత డ్యాష్‌బోర్డు కింద వెతికాయి. కంట్రోల్ యూనిట్‌లోంచి ఇంజెక్టర్లకు ఎర్త్ అందించే లావు తీగను మధ్యలో తెంపి, నల్లటేపు చుట్టిన వేలెడు గాజు గొట్టాన్ని అతికారు. గొట్టంలో పాదరసం. చదునులో ఉంటే పాదరసం రెండు కొసలనూ కలుపుతుంది. పన్నెండు డిగ్రీలు దాటి వాలితే పక్కకు జారి విడదీస్తుంది. ఈ దారిలో పన్నెండు దాటే చోటు ఒక్కటే. అది అసిరమ్మ గుమ్మం.

గణపతిరావు కళ్లద్దాలు తుడుచుకుని, తన నివేదిక అడిగి తీసుకున్నాడు. "నా దీపం అబద్ధం చెప్పలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "నేనే దాన్ని సగం ప్రశ్న అడిగాను." ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు.

వెనక గది కిటికీలోంచి చూస్తున్న అసిరమ్మ, అయితే నా సెయ్యి కాదా అని మనవరాలిని రెండుసార్లు అడిగిందట. రత్న ముడి విప్పినా ఆ చెయ్యి నడుము దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.

ఊరి మనసు మళ్లీ మారేలోగా ముసలామెను అరకు పోలీస్ స్టేషన్‌కు చేర్చి వాంగ్మూలం ఇప్పించడం మేలని కృపావతి నిర్ణయించింది. తన కారు ఉంది, ధర్మ నమ్మకమైన డ్రైవరు. మూడూ ఇరవైకి కారు షెడ్డు నుంచి వచ్చింది. సర్వేశ్వరరావు స్వయంగా వెనక తలుపు తెరిచి, అసిరమ్మ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. రత్న పక్కన కూర్చుంది. కారు కదిలాక ముసలామె అద్దంలోంచి ఒక్కసారి, భయంభయంగా, చెయ్యెత్తి ఊపింది.

*

కృపావతి చేతిలో గాజు గొట్టం మిగిలింది. ఇంత పాదరసం ఈ కొండల్లో ఎవరి దగ్గర ఉంటుంది? గొట్టం కొసలకు అతికిన నీలిరంగు కేబులు ముక్కను చూస్తూ ఆమె యూనిట్‌లోకి నడిచింది. చెప్పులు బురదలో దిగబడ్డాయి. అక్కడే ఆగిపోయింది.

నీళ్లు పొర్లిపోతున్నాయని బేబి పొద్దున్నుంచీ కేకలు పెడుతోంది. ట్యాంకు నిండగానే మోటారు తనంతట తానే ఆగిపోవాలి. ఆపే పని ఫ్లోట్ స్విచ్‌ది. నీటితో పాటు లేచి వాలే ఆ ప్లాస్టిక్ గుండు లోపల ఉండేది ఇలాంటి పాదరసం గొట్టమే.

మొదటి ట్యాంకు నిచ్చెన ఎక్కింది. గుండు లేదు. నీలి కేబులు తెగి వేలాడుతోంది. తెగిన రాగి నల్లబడి, పచ్చగా చిలుమెక్కి ఉంది. ఎప్పటినుంచి ఇలా పొర్లుతోందని కింద ఉన్న బేబిని అడిగింది.

"ఆ ట్యాంకు గురారం కాడ్నించి అమ్మా," అంది బేబి. "ఈ రొండోది ఇయ్యాల పొద్దున్నించే."

ఎలా దిగిందో కృపావతికి గుర్తులేదు. రెండో ట్యాంకు నిచ్చెన మీద కాలు రెండుసార్లు జారింది. అక్కడా గుండు లేదు. అక్కడా నీలి కేబులు తెగి వేలాడుతోంది. తెగిన రాగి ఎర్రగా, కొత్తగా మెరుస్తోంది.

పొద్దున్నుంచీ షెడ్డు నీడలో ఉన్న బండి ఒక్కటే, తనది. పలహారానికని ధర్మను దాని దగ్గర్నుంచి పంపించినవాడూ ఒక్కడే. ఆ స్విచ్చు అసిరమ్మ కోసం పెట్టినది కాదు, తన కోసం. అయినా ఇప్పుడు అందులో ఉన్నది ముసలామె. అదే మిట్ట మీద, అదే గుమ్మం ముందు, ఆ ముసలామె కూర్చున్న బండి ఆగి జారిపోతే, రెండు దీపాలు ఏం చెప్పినా ఈ ఊళ్లో ఇక ఎవరూ వినరు.

ఫోనుకు సిగ్నలు లేదు. ధర్మా అని ఆమె కేక వేసింది. కొండలు ఆ కేకను అటూ ఇటూ విసిరాయి. పైన మిట్ట మీద తన కారు రెండో గేరులో గట్టిగా మూలుగుతూ ఎక్కడం ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది.

ఆ చప్పుడు మధ్యలో తెగిపోయింది.

కళ్లంలో కాఫీ ఆరబోస్తున్న కూలీలు, ఆవరణలో సోంబరు, గణపతిరావు, కానిస్టేబుల్ అందరూ ఒక్కసారిగా మిట్ట వైపు తలలు తిప్పారు. ట్యాంకు మీద నిలబడిన కృపావతికి వాళ్లందరూ కనిపిస్తున్నారు. చప్పుడు ఆగాకనే వాళ్లంతా అటు తిరిగారు.

ఒక్క సర్వేశ్వరరావు మాత్రం అంతకుముందే అటు తిరిగి నిలబడి ఉన్నాడు.